పెద్దమ్మ మానేసిన చాయ్

తిన్నావా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. “చెయ్యి సూపియ్” అనేది. కుడిచెయ్యి చాపితే మణికట్టు దగ్గర పట్టుకుని, నా వేళ్లు తన ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని వాసన చూసేది. పప్పు వాసన వస్తే చెయ్యి వదిలేసేది. సబ్బు వాసన వస్తే మాత్రం వదిలేది కాదు. “ఏంది బిడ్డ, ఇయ్యాల సబ్బు దిన్నవా?” అంటూ ఆ చెయ్యి అట్లాగే పట్టుకుని తన వంటింట్లోకి నడిపించుకుపోయేది.

పోయిన నెల ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూంలో నోటుబుక్కులు దిద్దుతుంటే వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. “అక్కా, అమ్మ పోయింది” అన్నాడు. ఏమైంది, ఎప్పుడు అని అడగాల్సినవన్నీ అడిగాను. ఫోన్ పెట్టేశాక ఎర్ర పెన్ను మూత పెట్టి, నా కుడిచేతి వేళ్లు నేనే వాసన చూసుకున్నాను. టిఫిన్ బాక్సులో తెచ్చుకున్న పెరుగన్నం వాసన. పక్కన కూర్చున్న లెక్కల టీచరు వింతగా చూసింది. ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆమె మాకు ఇంటి ఓనరు. పెళ్లయిన కొత్తలో, నాచారంలో ఫ్యాక్టరీల వెనకవైపు సందులో, వాళ్ల మేడ మీద రెండు గదుల వాటాలో దిగాం. మా ఆయన మందుల కంపెనీలో షిఫ్టు సూపర్‌వైజరు. నేను దగ్గర్లో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. మాది తెనాలి వైపు. వాళ్లది జనగామ దగ్గర పల్లె. మొదటి రోజు నేను “ఆంటీ” అంటే ఆమె వెనక్కి తిరిగి ఎవరిని పిలుస్తున్నానా అని చూసింది. “గా పేరు నాకొద్దు. పెద్దమ్మ అను” అంది. ఆ రోజు నుంచి పెద్దమ్మే. ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద చదివాను గానీ ఒక్కసారి కూడా పలకలేదు. ఇప్పుడు మాత్రం ఎందుకు.

నా తిండి సంగతి చెప్పకపోతే ఆమె సంగతి అర్థం కాదు. నాకు తిండి దగ్గర వంద వంకలు. చారులో కరివేపాకు కనబడితే తీసి పళ్లెం అంచున పెట్టాలి. ఉల్లిపాయ పంటికి తగలకూడదు. ఆకుకూరలు ఏవీ వద్దు. వంకాయ జారుతుంది, బెండకాయ సాగుతుంది, గుడ్డు కంపు. పాల మీద మీగడ తరక పెదవికి తగిలితే ఆ పూట ఇంకేమీ దిగదు. తెల్లన్నం, నెయ్యి, కందిపొడి, బంగాళాదుంప వేపుడు, పెరుగు. ఇరవై ఆరేళ్లు ఈ ఐదింటి మీదే బతికాను. “పెళ్లయితే అదే అలవాటవుతుందిలే” అని అమ్మ అనేది. పెళ్లయింది. మా ఆయనకి బంగాళాదుంప వేపుడు అలవాటైంది.

కడుపుతో ఉన్న మూడో నెలలో పరీక్ష చేయిస్తే రక్తం తక్కువుందన్నారు. ఉప్పల్లో మేం చూపించుకునే డాక్టరమ్మ కాగితం మీద పెద్ద జాబితా రాసిచ్చింది. ఆకుకూరలు, గుడ్లు, రాగులు, పప్పులు, ఖర్జూరాలు, ఇనుము మాత్రలు. నా చేతిలో ఆ కాగితం చూసి నాకే నవ్వొచ్చింది. ఎందుకంటే అదే జాబితా ఏడో తరగతి పిల్లల చేత నేనే బట్టీ పట్టిస్తున్నాను.

అమ్మ వచ్చే దారి లేదు. నాన్నకి పక్షవాతం వచ్చి ఏడాది అయింది. గ్లాసు మంచినీళ్లు కూడా అమ్మే పట్టాలి. పురిటికి నన్ను తీసుకెళ్లే మాట ఎత్తలేక, రోజూ ఫోన్లో “ఏం తిన్నావే?” అని అడిగి ఏడ్చేది. ఒకరోజు ఆ ఫోను మాటలు మెట్ల కింద నుంచి పెద్దమ్మ విన్నది. మర్నాడు మధ్యాహ్నం నేను స్కూలు నుంచి వచ్చేసరికి, మోకాళ్లు పట్టుకుని పదహారు మెట్లూ ఎక్కి, మూత పెట్టిన స్టీలు గిన్నెతో మా గుమ్మంలో నిలబడి ఉంది.

“పుంటికూర పప్పు. వేడిగుంది, తిను” అంది. పుంటికూర అంటే మన గోంగూరే.

“నేను ఆకుకూర తినను పెద్దమ్మా.”

“నువ్వు తినకు. లోపలున్నోళ్లు తింటరు.”

అది మొదలు. తోటకూర, బచ్చలి, మునగాకు, రాగి జావ, ఉడకేసిన గుడ్డు. ఒకసారి మేక కార్జం వేయించి తెచ్చింది, నేను మూత తీసి చూసి బాత్రూంలోకి పరిగెత్తాను. ఆమెకి కోపం రాలేదు. కిందికి పోయి ఆలోచించేది. నాలుగు రోజుల తరవాత జొన్నరొట్టె తెచ్చింది. అందులో మునగాకు పొడిగా నూరి కలిపింది, రంగు కూడా తెలియలేదు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని ఆపేశాను. ఆమె నా నోటి వంకే చూస్తోంది.

“ఏం వేశారు ఇందులో?”

ఆమె తల పట్టుకుంది. “నీ నాలుకకు కండ్లున్నయి బిడ్డ” అంది.

చెయ్యి చూడడం అప్పుడే మొదలైంది. గిన్నె ఇచ్చి కిందికి వెళ్లేది. అరగంట తరవాత నేను గిన్నె కడిగి ఇవ్వడానికి దిగితే, గిన్నె ముట్టుకోకుండా చెయ్యి అడిగేది. నేను రెండు రోజుల్లోనే కిటుకు పట్టేశాను. కూర తీసి వేళ్లకి బాగా రుద్దుకుని, మిగతాది గేటు దగ్గరికి వచ్చే ఆవుకి పెట్టేదాన్ని. మా సందులో ఇళ్లవాళ్లంతా మిగిలిన అన్నాలు ఆ ఆవుకే పెడతారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆవుకి మాత్రం వచ్చింది. అది మిగతా గేట్లు మానేసి, ఒంటిగంటన్నరకి మా గేటు ముందే వచ్చి నిలబడేది. స్కూలు నుంచి నేను ఆలస్యంగా వచ్చిన రోజు అరిచేది.

“గీ ఆవు నీ కాడనే ఎందుకు నిలవడ్తది?” అని ఒకరోజు అడిగింది పెద్దమ్మ. నేను ఏదో అన్నాను. మర్నాడు గోడ చాటున నిలబడి, నేను గిన్నె బోర్లించడం కళ్లారా చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె మెట్టు మీద కూర్చుని నవ్వింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం ఎంతసేపటికీ ఆగలేదు.

“నేనేం జేసుడు బిడ్డ” అంది చివరికి. “నలుగురు పిల్లలకు పెట్టిన. అత్తకు పెట్టిన, మామకు పెట్టిన. నా చేతి కూడు ఎవ్వలు పారెయ్యలే. నీకెట్ల పెట్టాల్నో నాకు తెలుస్తలేదు.”

నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రం నిజంగానే ఆమె ముందు కూర్చుని పాలకూర పప్పు కలుపుకుని తిన్నాను. నాలుగు ముద్దలు. మొత్తం కక్కేశాను. నా వీపు రాస్తూ నిలబడింది. తినకూడదని నాకేం పంతం లేదు. కడుపులో బిడ్డ మీద ప్రేమ లేకా కాదు. గొంతు దగ్గరికి వచ్చేసరికి ఒళ్లు నా మాట వినేది కాదు. ఆ మాట ఎవరికి చెప్పినా వేషాలు అనుకున్నారు. ఆమె ఒక్కతే నమ్మింది.

ఆ తరవాత మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. దానికి కారణం చాయ్.

చాయ్ అంటే ఆమెకు ప్రాణం. మొగుడు పోయాక పన్నెండేళ్లు దారం మిల్లులో నిలబడి పని చేసిందట. “చాయ్ టైముల పది నిమిషాలు కూసోనిచ్చేటోళ్లు. గా పది నిమిషాలే నాయి” అనేది. మిల్లు మానేసి ఇన్నేళ్లయినా సాయంత్రం నాలుగున్నరకి ఏ పని చేతిలో ఉన్నా వదిలేసి చాయ్ పెట్టుకునేది. అల్లం దంచి, పాలు ఎక్కువ పోసి, రంగు ఇటుకలా వచ్చేదాకా మరిగించేది. సాసర్‌లో పోసుకుని, గడప మీద కూర్చుని, చప్పుడు చేస్తూ తాగేది. ఆ పది నిమిషాలు కొడుకు పిలిచినా లేచేది కాదు. ఆ చాయ్, మీగడ వడగట్టి ఇస్తే, నేను వంక పెట్టకుండా తాగేదాన్ని. నా నోటికి పట్టిన ఆరో వస్తువు అదే.

“సరే. నువ్వేం తినకున్నా గోళి అన్న మింగు” అంది ఒకరోజు. ఆమె భాషలో మాత్ర అంటే గోళీ. “చాయ్‌తోని మింగు. రోజు నాలుగున్నరకు నా ముందట మింగాలె.”

అట్లా రోజూ గడప మీద ఇద్దరం కూర్చునేవాళ్లం. అట్టలోంచి ఎర్ర గోళీ ఒకటి తీసి, నా అరచేతిలో పెట్టి, చాయ్ గ్లాసు అందించేది. నేను నోట్లో వేసుకుని గుక్క తాగి తల వెనక్కి వాల్చేదాన్ని. ఆమె అప్పుడు తన సాసర్ ఎత్తేది. నేను మింగేదాకా తాగేది కాదు.

మొదటి రెండు వారాలు నిజంగానే మింగాను. కడుపులో తిప్పేది, నోరంతా తుప్పు రుచి. మలం నల్లగా అవుతుంటే భయం. ఫోన్లో అమ్మ “ఆ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందంటారే” అంది. అది ఉత్త మాటని నాకు తెలుసు, సైన్సు టీచర్ని. అయినా ఆ మాట పట్టుకున్నాను. మూడో వారం నుంచి గోళీని రెండు వేళ్ల మధ్య ఇరికించుకుని, నోట్లో వేసుకున్నట్టు చెయ్యి ఎత్తి, ఉత్త చాయ్ మింగడం మొదలుపెట్టాను. పైకి వెళ్లి బాత్రూం తూములో పడేసేదాన్ని. నీళ్లు పోస్తే ఎర్రగా కారి పోయేది.

రోజూ నా చెయ్యి వాసన చూసిన మనిషి, ఆ ఒక్క చేతిని మాత్రం ఎన్నడూ చూపించమనలేదు. చాయ్ దగ్గర నేను అబద్ధం ఆడతానని ఆమెకి తట్టలేదు.

ఏడో నెలలో మా ఆయనకి షిఫ్టు కుదరక పెద్దమ్మే నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని బయల్దేరింది. ఆటోలో ఉప్పల్ దాకా దారిపొడుగునా ఒకటే మాట. “ఇయ్యాల సూడు, నెత్తురు మంచిగ పెరుగుతది. మూడు నెలలు ఒక్క దినం తప్పలే మనం.” మనం అంది.

రిపోర్టు వచ్చింది. రక్తం పెరగలేదు సరికదా, ఇంకా తగ్గింది. డాక్టరమ్మ చీటీ మీద ఏదో రాస్తూ “మాత్రలు వేసుకుంటున్నావా?” అని అడిగింది. నేను తల ఊపాను. బయట సూదులిచ్చే గదిలో నర్సు, ఆమె కూడా ఇక్కడి మనిషే, మళ్లీ అడిగింది.

“గోళీలు ఎట్ల ఏసుకుంటున్నవమ్మా?”

నేను నోరు తెరిచేలోపు పెద్దమ్మ అందుకుంది. “నేనే ఏపిస్త. సాయంత్రం చాయ్‌తోని, నా ముందటనే. ఒక్క రోజు తప్పలే.”

నర్సు చేతిలో దూది పక్కన పెట్టింది. “చాయ్‌తోనా? చాయ్‌తోని ఏసుకుంటే ఒంటికి పట్టది పెద్దమ్మా. గోళిల ఉన్నదంత చాయ్ ఖరాబ్ జేస్తది. నిమ్మరసంతోని ఏసుకోవాలె. ఎవ్వలు చెప్పలేదా మీకు?”

పెద్దమ్మ మొహం నేను చూశాను. ఇప్పుడు కూడా కళ్ల ముందే ఉంది. నోరు కొంచెం తెరుచుకుని నా వైపు తిరిగింది. ఆ చూపులో నా మీద అనుమానం ఒక్క రవ్వ కూడా లేదు.

“చదువు లేనిదాన్ని” అంది నర్సుతో. “నాకు తెల్వదు.”

నర్సు చెప్పింది నిజమే. చాయ్‌తో వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. ఆ సంగతి పాఠం చెప్పే నాకు తెలిసుండాల్సింది. కానీ నా విషయంలో చాయ్ చెడగొట్టడానికి కడుపులో గోళీయే లేదు. ఆ మాట అప్పుడే చెప్పాలి. నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే మా ఆయనకి తెలుస్తుంది, అమ్మకి తెలుస్తుంది. అన్నిటికన్నా, నన్ను నమ్మిన ఒక్క మనిషీ నమ్మడం మానేస్తుంది. తల దించుకుని సూది వేయించుకున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె ఆ రిపోర్టు కాగితం మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది. సందు మొదట్లో దిగాక, నడుస్తూ నడుస్తూ ఆగి, “నా చేతులతోని నేనే జేసిన” అంది. ఎవరితోనూ కాదు.

ఆ సాయంత్రం నాలుగున్నరకి కింద అల్లం దంచిన చప్పుడు వినబడలేదు. దిగి చూస్తే గడప మీద ఉత్త చేతులతో కూర్చుని ఉంది. పక్కన గ్లాసులో నిమ్మరసం, మూత మీద ఎర్ర గోళీ. “దా బిడ్డ, మింగు” అంది. ఆ రోజు నిజంగా మింగాను. ఆ తరవాత ఒక్కటి కూడా పారేయలేదు. తిప్పినా, కక్కినా, మళ్లీ ఇంకోటి వేసుకున్నాను. అప్పటికే చాలా ఆలస్యమైంది.

అమ్మాయి నెల ముందే పుట్టింది. రెండు కిలోలు కూడా లేదు. తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో పెట్టారు. నాకు రక్తం ఎక్కించారు. పెద్దమ్మ రోజూ వచ్చేది. లోపలికి రానివ్వరు కాబట్టి తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూసేది. ఆమె ఎత్తుకి అది అందదు, మునివేళ్ల మీద లేచి, మోకాళ్లు నొప్పి పుట్టి దిగి, మళ్లీ లేచేది. అక్కణ్నుంచి వచ్చి నా మంచం పక్కన కూర్చుని నా పాదాలు ఒత్తుతూ, “నన్ను తిట్టు బిడ్డ” అంది ఒకసారి. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నాకు కోపం వచ్చిందనుకుంది.

అమ్మాయి బతికింది. పాకింది, నడిచింది, మాట్లాడింది. దానికి మూడేళ్లు నిండాక మేం మల్కాజిగిరిలో ఫ్లాటు కొనుక్కుని వెళ్లిపోయాం. రెండు నెలలకోసారి నాచారం వెళ్లేవాళ్లం. వెళ్లిన ప్రతిసారీ ఆమె నాకు అల్లం చాయ్ పెట్టి, మీగడ వడగట్టి ఇచ్చేది. తను తాగేది కాదు. ఎదురుగా కూర్చుని నేను తాగుతుంటే చూసేది. సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలియనట్టు ఆమె చేతులు ఒళ్లో ఊరికే కదిలేవి. ఇంట్లోవాళ్లు అడిగితే మొక్కు అని చెప్పిందట. ఏం మొక్కని అడిగితే, చిన్నపిల్ల బతకాలని మొక్కిన అందట.

ఒక్కసారి చెప్పబోయాను. ఉద్యమం రోజులు, బంద్ అని తెలియక వెళ్లి వాళ్లింట్లో ఇరుక్కుపోయాం. మధ్యాహ్నమంతా ఇద్దరమే ఉన్నాం.

“పెద్దమ్మా, అప్పుడు ఆ మాత్రలు ఉన్నాయి చూడండి, నేను...”

“గది మళ్ల తీయకు బిడ్డ” అంది నా మాటకి అడ్డం వచ్చి. “యాదికొస్తే నాకు కడుపుల దేవినట్టయితది.” అంతలో అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. “దా, తిన్నవా లేదా? చెయ్యి సూపియ్” అని దాని చెయ్యి పట్టుకుంది. నాకు గండం గడిచినట్టు అనిపించింది. ఆ హాయిని ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే రోత.

ఆమె పోయిన పదకొండో రోజు వెళ్లాను. ఉప్పల్ రోడ్డంతా మెట్రో స్తంభాల కోసం తవ్వి పెట్టారు, చేరేసరికి పన్నెండు దాటింది. మేడ మీద, ఒకప్పుడు మా వాటా ముందున్న ఖాళీ జాగాలో, పిట్టకు పెట్టడానికి అన్నీ సర్దుతున్నారు. పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి కాకి కోసం చూడడం. కాకి ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయిందని బాధపడతారు. అన్నం, చేపల పులుసు, గారెలు, పుంటికూర, కల్లు, తమలపాకులు.

“ఇంకేమన్న మరిసినమా?” అన్నాడు వాళ్లబ్బాయి.

“చాయ్” అంది కోడలు. “మస్తు తాగేది గద.”

“బంద్ జేసి ఏడేండ్లాయె. మొక్కుండె. మొక్కు ఇరవద్దు. పెట్టకు.”

నేను కిందికి దిగాను. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుంటుందో నాకు తెలుసు. అల్లం దంచాను. పాలు ఎక్కువ పోసి, రంగు వచ్చేదాకా మరిగించాను. ఆమె సాసర్ పై అరలో బోర్లించి ఉంది, దుమ్ము పట్టింది. కడిగాను. పైకి వెళ్లి విస్తరి పక్కన పెడతాను, ఎందుకని అడుగుతారు, అందరి ముందూ చెప్పేస్తాను. మొక్కూ లేదు ఏమీ లేదు, ఆమె తప్పేమీ లేదు, గోళీలు నేనే తూములో పడేశాను అని చెప్పేస్తాను. కాకి కూడా దానికోసమే ఆగి ఉంటుందని అనుకున్నాను. మెట్లు ఎక్కుతూ ఆ మాటలే కూర్చుకున్నాను. పదహారు మెట్లు.

పైకి వచ్చేసరికి అందరూ లేచి నిలబడి ఉన్నారు. వాళ్లబ్బాయి మొహంలో నిశ్చింత. గోడ మీద కాకి ముక్కు తుడుచుకుంటోంది.

“ముట్టిందక్కా” అంది కోడలు. “పెట్టంగనే వచ్చింది. అత్తమ్మకు ఏ కోరిక మిగల్లే.” నా చేతిలోకి చూసి, “చాయ్ ఎవలికి?” అని అడిగింది.

అందరూ నా వైపు చూశారు.

“నాకే” అన్నాను.

అక్కడే, ఆ గోడ పక్కన నిలబడి తాగాను. పోసేటప్పుడు మీగడ వడగట్టడం మర్చిపోయాను. మీగడ తరక పెదవికి అంటుకుంది. దాంతో సహా మింగేశాను.